మొక్కని మొక్కు

రేడియేషన్ ముగిసి కొన్ని నెలలైంది. ఇక మూడు నెలలకోసారి వచ్చి కనిపిస్తే చాలని డాక్టరు అన్నారు. చేతికి కొంచెం బలం వచ్చింది కాబట్టి ఇది రాస్తున్నాను. జబ్బుల గురించి మనుషులు రాసుకున్నవి నేను చాలా చదివాను. మంచం మీద ఉన్న రోజుల్లో ఇంకా ఎక్కువ చదివాను. వాటిలో ఎక్కువమంది ధైర్యంగా ఉన్నారు. నాకు ఆ కాలం నుంచి ఎక్కువగా మిగిలింది సిగ్గు. చికిత్స మధ్యలో ఇల్లు మారాల్సి వచ్చినవాళ్లు ఎవరైనా చదివితే తోడుగా ఉంటుందేమోనని రాస్తున్నాను. వాళ్లకు చెప్పదగ్గ సలహా మాత్రం నా దగ్గర లేదు.

డిసెంబరు, జనవరి

మాది ఏలూరు వైపు. పెళ్లయిన దగ్గర్నుంచీ హైదరాబాదులోనే ఉన్నాం. నేను స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. మా వారికి పుస్తకాలు కొనడం మీద ఉన్న శ్రద్ధ ఇల్లు కొనడం మీద లేకపోయింది, నేనూ పట్టుబట్టలేదు. ఆయన పోయి మూడేళ్లు. తర్వాత కొండాపూర్‌లో అదే అద్దె ఫ్లాటులో నేనూ మా అమ్మాయి మాధురీ ఉండిపోయాం. మాధురికి రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

దసరా తర్వాత రొమ్ములో గడ్డ తెలిసింది. ఆపరేషన్ అయింది. డిసెంబరులో కీమో మొదలుపెట్టారు. రెండోసారి ఎక్కించాక జుట్టు దిండు మీదికి ఊడి రావడం మొదలైంది. మాధురి ట్రిమ్మర్ తెచ్చి నన్ను బాత్రూములో స్టూలు మీద కూర్చోబెట్టి మొత్తం తీసేసింది. మా అమ్మమ్మ తరంలో భర్త పోయిన ఆడవాళ్లకు గుండు చేయించేవారు. చిన్నప్పుడు అలాంటి ఒక ముసలామెను చూసిన గుర్తు. ఆయన పోయిన మూడేళ్లకు నాకూ ఆ రూపం వచ్చిందనిపించింది. మాధురికి చెప్పలేదు.

జనవరి చివర ఇంటి ఓనరు ఫోన్ చేశాడు. కొడుకు పెళ్లి చేస్తున్నామని, ఫిబ్రవరి ఆఖరుకల్లా ఫ్లాటు ఖాళీ చేయాలని మర్యాదగానే చెప్పాడు. నా జబ్బు సంగతి ఆయనకు తెలుసు. అసలు కారణం అదేనా అని మాధురి అడగబోతే నేనే వద్దన్నాను.

అద్దెకున్నవాళ్లకు తెలిసిన సంగతి ఒకటుంది. మనిషి పోతే అద్దె ఇంట్లోకి శవాన్ని రానివ్వరు. మా వారు ఆస్పత్రిలో పోయినప్పుడు ఆయన్ని పైకి, ఆయన పుస్తకాల మధ్యకు, తీసుకుపోదామనుకున్నాం. అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోలేదు. సెల్లార్‌లో రెండు కార్ల మధ్య ఫ్రీజర్ పెట్టెలో ఉంచాం. ఆఫీసులకు వెళ్లేవాళ్లు కార్లు తీసేటప్పుడు మేము పక్కకు జరిగి దారి ఇచ్చాం. ఎవరూ కసురుకోలేదు. కొందరు థాంక్స్ కూడా చెప్పారు. అందుకే ఇల్లు వెతకడం మొదలుపెట్టినప్పుడు ఓనర్లు ఏమడుగుతున్నారో, ఏం అడగలేకపోతున్నారో నాకు తెలుస్తూనే ఉంది.

మొదట్లో మాధురి నిజమే చెప్పేది. "అమ్మకు ట్రీట్‌మెంట్ జరుగుతోందండి" అనేది. అవతలి గొంతు అంతవరకూ బాగానే ఉండేది, ఆ మాటతో మారిపోయేది. ఒకావిడ మాత్రం దాచకుండా, "ఏమనుకోకమ్మా, మా ఇంట్లో పెళ్లి పెట్టుకున్నాం. మీ అమ్మగారికి తగ్గాక రండి" అంది. తగ్గాక మాకు ఆ ఇల్లు ఎందుకో ఆమెకు తోచలేదు.

కీమో గది బయట కుర్చీల్లో నా పక్కన తరచుగా సువర్ణ అనే ఆమె కూర్చునేది. జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. నా సంగతి విని నవ్వింది.

"నిజం ఎవ్వలన్న చెప్తరా అక్కా? మా ఓనరుకు టైఫాయిడ్ అని చెప్పిన."

"టైఫాయిడ్‌కు గుండెందుకు అని అడగలేదా?"

"జ్వరానికి వెంట్రుకలు రాలినయ్ అన్న. ఇప్పుడు ఆమె బిడ్డకు జరమొస్తే నన్నే అడుగుతున్నది, నువ్వే మందులేసుకున్నవో చెప్పు అని."

నేనూ నవ్వాను. నర్సు తల తిప్పి చూసింది. మనసులో మాత్రం, నేనయితే ఇలా చెప్పను అనుకున్నాను.

ఫిబ్రవరి

మాదాపూర్‌లో అద్దాల భవనాల వెనక పాత ఊరు ఇంకా ఉంది. ఇరుకు గల్లీ, రెండంతస్తుల ఇల్లు, కింది భాగం ఖాళీ. పైన యాదమ్మ ఒక్కతే ఉంటుంది. పుట్టిందీ మెట్టిందీ ఆ ఊరే. ఇప్పుడు ఆఫీసులున్న చోట ఆమెకు ఒకప్పుడు జొన్న చేలు ఉండేవట. కొడుకులిద్దరూ దగ్గర్లోనే వేరే ఇళ్లలో ఉంటారు. మాకు ఆ ఇల్లు కావాలి. ఎక్కడానికి మెట్లు లేవు, ఆస్పత్రి దగ్గర. తర్వాతి కీమో దగ్గరపడింది, అది ఎక్కించాక వారం రోజులు నేను లేవలేను. ఇంకో ఇల్లు చూసే వ్యవధి మాకు లేదు.

"ఎంతమంది ఉంటరు?" అని అడిగింది యాదమ్మ.

"ఇద్దరమేనండి. నేనూ అమ్మా" అంది మాధురి.

"మీ నాయిన?"

"లేరండి."

యాదమ్మ నా వైపు చూసి, "మా ఆయన గూడ లేడులే. కూసో" అంది. నేను కూర్చున్నాక అసలు మాటకు వచ్చింది. "ముందుగాలనే చెప్తున్న బిడ్డా, తర్వాత లొల్లి వద్దు. పెద్ద రోగాలున్నోల్లకు నేనియ్య. ఇంతకు ముందున్నోల్ల తాత మంచంల వడ్డడు. పానం పోయినంక లోపటికి తెస్తమని ఏడ్సిన్రు. వద్దంటే నేను పాపిష్టిదాన్ని. తేనిస్తే నా కొడుకులు ఊకోరు. నాకెందుకు ఆ పరేషాన్?"

అప్పుడే ఫ్యాను గాలికి నా తల మీది శాలువా జారింది.

"ఏందమ్మా, గుండు చేయించుకున్నవ్?"

మాధురి నా వైపు చూడకుండా, "తిరుపతి వెళ్లొచ్చారండి. మొక్కు" అంది.

"ఏం మొక్కు?" యాదమ్మ నన్నే అడిగింది.

మాధురి దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గర ఉంది. "అమ్మాయి ఉద్యోగం కోసమమ్మా" అన్నాను. పిల్లలకు పాఠం చెప్పిన గొంతుతోనే, తడబడకుండా అన్నాను.

యాదమ్మ రెండు చేతులూ జోడించింది. "గోవిందా! ఆడమనిషి నిండు నీలాలు ఇచ్చుడంటే మాటలా? మొక్కు తీర్సుకున్న మనిషి ఇంట్ల అడుగువెడ్తే మంచిదే. ప్రసాదం ఉన్నదా?"

"ఉందండి, ఇంట్లో ఉంది. వచ్చేటప్పుడు తెస్తాం" అంది మాధురి.

తిరుగు దారిలో కారులో మాధురి ఫోన్ చూస్తూ, "మా టీములో ఒకతను శనివారం తిరుపతి వెళ్తున్నాడు. లడ్డు తెమ్మంటాను" అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. వద్దని అనలేదు.

సామాను సర్దే రోజుల్లో మేమిద్దరం పోట్లాడుకున్నాం. రక్తకణాలు తగ్గి ఉన్నాయి, దుమ్ములోకి పోవద్దని డాక్టరు చెప్పారు. మా వారి పుస్తకాలు సగమైనా ఎవరికైనా ఇచ్చేద్దామంది మాధురి. వీల్లేదన్నాను. "మోసేది నేను కదమ్మా" అంది. ఆ మాటకు ఆమె ఏడ్చింది, నేను ఏడవలేదు. పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లోకి వెళ్లాయి. మనుషులు వచ్చి మంచాలు విప్పుతుంటే నేను మాస్కు పెట్టుకుని గది మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. వాళ్లు ఒక్కో వస్తువు తీసుకుపోతూ నా చుట్టూ తిరిగి వెళ్లారు. చివరికి కుర్చీ కూడా కావాల్సి వచ్చి, "అమ్మా, జర లేస్తరా" అన్నారు.

కొత్త ఇంట్లో పాలు పొంగించేటప్పుడు యాదమ్మ కిందికి వచ్చి నిలబడింది. "నువ్వే పొంగియ్యాలె, మొక్కు తీర్సుకున్నదానివి" అంది. పాల వాసనకు నాకు కడుపులో తిప్పింది. పొంగే దాకా ఎలాగో నిలబడి, ఆ తర్వాత బాత్రూములోకి పరుగెత్తాను. బయటికి వచ్చేసరికి యాదమ్మ మాధురితో అంటోంది. "ఉపాసాలు ఎక్కువ ఉంటున్నట్టున్నది మీ అమ్మ. జర తినమని చెప్పు."

మార్చి, ఏప్రిల్

లడ్డును యాదమ్మ కళ్లకద్దుకుంది. తాను చిటికెడు తిని మిగతాది గల్లీ అంతా పంచింది. పంచుతూ నా మొక్కు సంగతి, మాధురి ఉద్యోగం సంగతి ఇంటింటా చెప్పింది. మా ముఖాలు తెలియకముందే గల్లీలో గౌరవం తెచ్చుకున్నాం. కూరగాయల బండి దగ్గర ఆడవాళ్లు నాకు ముందు దారి ఇచ్చేవారు.

అప్పటికి కీమో వారం వారం అయింది. పొద్దున్నే ఎక్కడికి బయల్దేరుతున్నారని యాదమ్మ అడిగితే నిజాంపేటలో మా అక్క ఉందని, ఆరోగ్యం బాగాలేదని, చూడడానికి వెళ్తున్నామని చెప్పాం. నాకు అక్క లేదు. తర్వాతి వారం యాదమ్మ చింతచిగురు పప్పు గిన్నెలో పోసి ఇచ్చింది, మా అక్కకు నోటికి హితవుగా ఉంటుందని. ఆ తర్వాత మామిడికాయ తొక్కు. అవి కీమో గది బయట సువర్ణ తిన్నది. "మీ ఓనరు చేతి తొక్కు మస్తుగున్నదక్కా. మీ అక్కకు ఇంకా తగ్గలేదని చెప్పు" అనేది.

యాదమ్మ ఒక సాయంత్రం నా పక్కన గేటు మెట్టు మీద కూర్చుని, ఎవరూ వినడం లేదని చూసుకుని అడిగింది.

"టీచరమ్మా, నువ్వెట్ల మొక్కినవ్? నోటితోనేనా, ముడుపు గట్టినవా?"

"ముడుపు కట్టానమ్మా. పసుపు గుడ్డలో."

"మా చిన్నోడు నర్సింగ్ ఉన్నడు గద. భూమి పైసలొచ్చినప్పటి నుంచి తాగుడే. పెండ్లాం పుట్టింటికి వోయింది. నీ బిడ్డ ఉద్యోగమిచ్చిన దేవుడు నా కొడుకుతోని తాగుడు బంద్ చేయించడా? నేను గూడ నీలాలిస్త."

"ఈ వయసులో జుట్టెందుకమ్మా, వేరే ఏదైనా మొక్కుకోండి" అన్నాను.

"నువ్వియ్యలేదా?"

చెప్పాల్సింది అప్పుడే. ఇల్లు పోతుందని భయపడ్డాను. తెలిసినవాళ్లతో కలిసి ఆమె తిరుపతి బస్సెక్కి వెళ్లింది. నడుం దాకా ఉండే తెల్లజుట్టు ఇచ్చేసి వచ్చింది. నెత్తికి గంధం రాసుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చి, తల వంచి చూపించింది. "ఎట్లున్నది?" అంది. బాగుందన్నాను.

ఆ తర్వాత సాయంత్రాలు ఇద్దరం గేటు దగ్గర కూర్చుంటే గల్లీ ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు. "యాదమ్మ పెద్దమ్మా, మీరిద్దరు ఒక్క తల్లికి పుట్టినట్టున్నరు" అనేది పక్కింటి సుజాత. "మీకు కుళ్లు. సబ్బు ఖర్సు మిగులుతున్నది మాకు" అనేది యాదమ్మ. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. లోపలికి వెళ్లి పడుకుంటే మందు వల్ల వచ్చే ఒళ్లు నొప్పులకంటే ఆ నవ్వే ఎక్కువ బాధపెట్టేది.

నర్సింగ్ కొన్నాళ్లు నిజంగానే మానేశాడు.

మే

మే నెలకు యాదమ్మ తల మీద తెల్లగా, ఒత్తుగా వెంట్రుకలు వచ్చాయి. నా తల నున్నగానే ఉంది. ఆమె దాన్ని చూస్తూనే ఉంది గానీ అడగలేదు. ఒక మధ్యాహ్నం తలుపు నెట్టుకుని వచ్చి నేల మీద కూలబడింది.

"నర్సింగ్ మల్ల మొదలువెట్టిండు. రాత్రి గల్లీల వడిపోయిండు."

నేను మంచం మీంచి లేచి కూర్చున్నాను.

"నువ్వు పనైనంక ఇచ్చినవ్. నేను ముందుగాలనే ఇచ్చిన. అందుకేనా టీచరమ్మా? ముడుపుకు పసుపు గుడ్డ దొరకక ఎర్రదాంట్ల కట్టిన. అందుకా?" నాకు జవాబు చెప్పే వ్యవధి ఇవ్వలేదు. "నా మనసులనే ఏదో పాపమున్నది. భూమి అమ్మినప్పుడు ఆడబిడ్డను ఏడిపిచ్చిన. అదే తగిలింది. నీ మాట ఇన్నడు, నా మాట ఇనలే."

ఆమె ఆ లెక్కలు ఎన్నాళ్లుగా వేసుకుంటోందో నాకు తెలియదు. ఇక వినలేకపోయాను.

"యాదమ్మగారూ, నేను ఏ మొక్కూ మొక్కలేదు. నాకు క్యాన్సర్. మందులకు జుట్టు ఊడిపోయింది. ఇల్లు దొరకదని అబద్ధం చెప్పాం."

ఆమె కూర్చున్న చోటు నుంచి కొంచెం వెనక్కి జరిగింది.

"అంటుకుంటదా?"

"అంటుకోదమ్మా."

"మరి లడ్డు?"

"అమ్మాయి ఆఫీసతను తెచ్చాడు."

"తిరుపతిదేనా?"

"తిరుపతిదే."

"అదొక్కటన్న నిజం చెప్పిన్రు." లేవబోయి మళ్లీ ఆగింది. "మీ అక్క?"

"లేదమ్మా. దవాఖానకు పోయేవాళ్లం."

"నా తొక్కు ఎవ్వలు తిన్నరు మరి?"

సువర్ణ సంగతి చెప్పాను. విని, మోకాళ్ల మీద చేతులానించి లేచి, మెట్లెక్కి వెళ్లిపోయింది.

రాత్రి మాధురికి చెబితే తినే కంచం పక్కన పెట్టేసింది. "ఇంకో రెండు నెలలు ఆగలేకపోయావా అమ్మా? ముందు రేడియేషన్ ఉంది. ఇప్పుడు ఎక్కడికి తీసుకెళ్లను నిన్ను?"

"ఆమె తనను తిట్టుకుంటోందే."

"తిట్టుకోనీ. నువ్వు బతకాలి నాకు."

అలా అన్నందుకు ఆమెకు సిగ్గేసింది. అలా అనాల్సిన స్థితికి పిల్లను తెచ్చినందుకు నాకు సిగ్గేసింది. మర్నాటి నుంచి మళ్లీ ఫోన్లో ఇళ్లు చూడడం మొదలుపెట్టింది. యాదమ్మ కిందికి రాలేదు. పై నుంచి ఆమె నడిచే చప్పుడు వినిపించేది. గేటు తీసినప్పుడల్లా కొడుకులు వచ్చారేమో, ఖాళీ చేయమంటారేమో అనుకునేదాన్ని.

వారం దాటాక ఒక పొద్దున వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"నా కొడుకులకు చెప్పలే. గల్లీల చెప్పలే. నీ మొక్కు సంగతి అందరికి నేనే చెప్పి తిరిగిన. ఇప్పుడు ఏమని చెప్పాలె నేను? మొక్కే అంట. నువ్వు గూడ అట్లనే అను."

"నాకేమన్నా అయితే ఇక్కడికి తేవద్దని అమ్మాయికి చెప్పానమ్మా" అన్నాను.

"అడిగిన్నా నేను?" అని కసిరి పైకి వెళ్లిపోయింది.

ఇల్లు నిలిచిందని మాధురి ఆ రోజు చాలా నెలల తర్వాత కడుపునిండా తిన్నది. నాకు అన్నం సహించలేదు. అప్పటిదాకా అబద్ధం మాదే. ఇప్పుడు దేవుడంటే భయమున్న మనిషి నా కోసం దాన్ని మోయాలి. జుట్టు ఎందుకు రావడం లేదని ఎవరో అడిగితే, "ఏడాది పెంచనని మొక్కింది" అని ఆమె చెప్పడం కిటికీలోంచి విన్నాను. చెప్పాక చెంపలు వేసుకుంది.

జులై

రేడియేషన్‌కు రోజూ వెళ్లి వస్తున్నాను. పక్క అంతా కమిలి, జాకెట్టు తగిలితే ఓర్చుకోలేకపోతున్నాను. ఒక సాయంత్రం పడుకుని ఉంటే గేటు దగ్గర మాటలు వినిపించాయి. సుజాత తన కూతురు శ్రావణిని తీసుకొచ్చింది. పిల్లకు మర్నాడు రాయదుర్గంలో ఇంటర్వ్యూ.

"టీచరమ్మతోని జర ఆశీర్వాదం ఇప్పియ్యి పెద్దమ్మా. ఆమె మొక్కుతోని బిడ్డకు ఎంత మంచి ఉద్యోగం దొరికింది! పిల్ల తలమీద చేయి వెడ్తే చాలు."

"పండుకున్నది. మల్ల రాపో" అంది యాదమ్మ.

"రేపు పొద్దుగాలనే ఇంటర్వ్యూ. ఒక్క నిమిషమే గద."

"ఉపాసమున్నది ఇయ్యాల. లేపొద్దు."

యాదమ్మ అలవాటు లేని పని చేస్తోందని గొంతులోనే తెలుస్తోంది. నేను లేచాను. శాలువా కప్పుకోకుండా బయటికి వచ్చాను. శ్రావణి నన్ను చూడగానే కాళ్లకు దండం పెట్టడానికి వంగింది. భుజం పట్టుకుని ఆపాను.

"వద్దమ్మా. నేను మొక్కు మొక్కలేదు. ఈ జుట్టు క్యాన్సర్ మందులకు పోయింది. మాధురికి ఉద్యోగం నాలుగేళ్ల కిందటే వచ్చింది."

సుజాత ఒక అడుగు వెనక్కి వేసింది. నన్ను వదిలి యాదమ్మ వైపు తిరిగింది.

"నీకెరికేనా పెద్దమ్మా?"

"ఎరికే."

"ఎరికుండి ఇంట్ల ఉంచుకున్నవా? నీ కొడుకులకు తెలిస్తే ఊకుంటరా?"

నేను యాదమ్మ ముఖం చూడలేక నేల చూస్తున్నాను.

"ఇల్లు నా పేరు మీదున్నది. నా కొడుకుల పేరు మీద లేదు" అంది. "పోయి చెప్పుకో, ఎవ్వలకు చెప్పుకుంటవో."

సుజాత కూతురి చెయ్యి పట్టుకుని "పోదాం పా" అంది. పిల్ల కదల్లేదు. నా తల వైపు, మెడ కింద కమిలిన చర్మం వైపు చూసింది.

"ఇప్పుడెట్లున్నది ఆంటీ?"

ఆ గల్లీకి వచ్చాక ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. అడిగే దారి మేమే మూసేశాం. బాగానే ఉందని చెప్పబోయి, యాదమ్మ పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"మంటగా ఉందమ్మా" అన్నాను. "చేయి పైకెత్తలేను. నీళ్లు పోసుకోవాలంటే భయం."

ఆ తర్వాత ఇంకా చాలా చెప్పాను. సుజాత గేటుకు ఆనుకుని నిలబడి వింది. దగ్గరికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.